పెట్టెకు నక్క నేర్పిన పులి అడుగు

సరిగ్గా కూర్చో. చూడని దాన్ని చూశానని చెప్పే అలవాటు నీకూ ఉంది. అందుకే ఈ కథ నీకు చెబుతున్నాను.

నల్లగుట్టల అడవిలో దుప్పులు, కుందేళ్ళు, సూదమ్మ అనే ముసలి ముళ్ళపంది, గుబురు అనే ఎలుగుబంటి, జిత్తు అనే నక్క ఉండేవి. ఆ ఏడు ఒక పులి కూడా వచ్చింది. దాన్ని ఎవరూ చూడలేదు. తెల్లవారితే మాత్రం ఒక దుప్పి కనిపించేది కాదు.

భయపడి అన్నీ ఒకే గుహలో చేరాయి. మనుషులు వదిలేసి పోయిన కంప్యూటర్ ఒకటి ఆ గుహ గుమ్మంలో ఉంది. ఎండతో నడిచే పెట్టె, ఒంటి కన్ను. ఒక ఆకారం చూపి పేరు చెబితే గుర్తుంచుకునేది. కొత్త ఆకారం చూపితే పాతవాటితో పోల్చి, దగ్గరగా ఉన్నదాని పేరు పలికేది. ఆ గొంతులో కోపం లేదు, జాలి లేదు.

గుమ్మం ముందు తడిమట్టి పరిచాయి. లోపలికి వచ్చే ప్రతి జంతువూ అందులో అడుగు వేయాలి. పెట్టె "పులి" అంటే గుబురు బండ దొర్లించి గుమ్మం మూసేయాలి. పెట్టెకు అడుగులు నేర్పే పని జిత్తు తీసుకుంది. ఎలుగుబంటి, దుప్పి, కుందేలు, ముళ్ళపంది అడుగులు నేర్పాక పులి అడుగే మిగిలింది.

"వాగు ఒడ్డున పులి అడుగులున్నాయి. పెట్టెను అక్కడికి మోసుకెళ్ళి చూపించు నాయనా," అంది సూదమ్మ.

వాగు పేరు వినగానే జిత్తుకు భయం వేసింది. అది పైకి చెప్పుకోలేదు. "పులి అడుగు నాకు తెలియదా అవ్వా? ముళ్ళతో పాటు నీకు అనుమానాలు కూడా మొలిచాయే!" అని నవ్వింది.

ఎవరూ లేనప్పుడు, పులి అడుగూ ఇలాగే ఉంటుందిలే అనుకుని తన పాదాన్నే మట్టిలో నొక్కి, "ఇది పులి" అని పెట్టెకు చెప్పింది. అటు తిప్పి, ఇటు తిప్పి మళ్ళీ నొక్కింది. "పులి, పులి" అంది పెట్టె.

తరువాత గుబురును పిలిచి గట్టిగా చెప్పింది. "పులి మన గొంతులతో కూడా పిలుస్తుంది. నీ చెవుల్ని నమ్మకు. పెట్టె మాటే మాట."

ఆ సాయంత్రమే ముసురు పట్టింది. జిత్తు అందరికంటే వెనకగా వచ్చి మట్టిలో అడుగు పెట్టింది.

"పులి," అంది పెట్టె.

బండ దొర్లింది.

"ఒరేయ్ గుబురూ, నేనురా, జిత్తుని!"

"పులి అలాగే పిలుస్తుందని మా జిత్తన్న ముందే చెప్పాడులే!" అంది గుబురు లోపలి నుంచి.

జిత్తు మళ్ళీ అడుగు వేసింది. "పులి." ఇంకో కాలు వేసింది. "పులి."

గుహ లోపలి నుంచి సూదమ్మ పరుగున వచ్చింది. "అది జిత్తు గొంతే! తియ్యరా బండ!"

అప్పుడు బయట తడిమట్టి మెత్తగా అణిగిన చప్పుడైంది. పెట్టె కన్ను అటు తిరిగింది. అంత పెద్ద అడుగును దానికి ఎవరూ పులి అని నేర్పలేదు.

"ఎలుగుబంటి," అంది పెట్టె నెమ్మదిగా.

బండ మీద గుబురు చేతులు బిగుసుకుపోయాయి. అడవిలో ఎలుగుబంటి తనొక్కటే, తను లోపలే ఉంది.

బయట జిత్తు ఒక్కసారి అరిచింది. తరువాత వాన చప్పుడే మిగిలింది.

తెల్లవారాక సూదమ్మ గుమ్మం ముందున్న పెద్ద అడుగుల్ని పెట్టెకు చూపించి, గుబురు చేత దాన్ని వాగు దాకా మోయించి మిగతావీ చూపించింది. ఆ తరువాత ఒక్క దుప్పీ పోలేదు. ఆ రోజే గుమ్మం ముందు మట్టిలో మిగిలిన చిన్న అడుగును కూడా చూపి, "ఇది నక్క," అంది.

"నక్క," అంది పెట్టె. ఆ పేరు మళ్ళీ పలికే అవసరం దానికి రాలేదు.

నీతి: తెలియనిది తెలుసని ఇతరులకు నేర్పకు. నువ్వు నేర్పిన తప్పు ముందు నీకే తలుపు మూస్తుంది.