జున్ను గిన్నె

ఎవరేం పెట్టినా, నోట్లో వేసుకునే ముందు సిద్ధయ్యగారికి ఒక మాట అడిగే అలవాటు: "నాకంటే ముందు దీన్నెవరు తిన్నారు?" ఆ ఇంటి పిల్లలు తిన్నారని తెలిస్తేనే ఆయన చెయ్యి కడుక్కునేవారు.

పాడిపశువుల పాక నడిపే శిష్యుడు కోటిలింగం ఒకరోజు జున్ను గిన్నెతో వచ్చాడు. తెల్లవారుజామున ఆవు ఈనింది, పెయ్యదూడ పుట్టింది. అంత శుభవార్త చెబుతున్నా అతని మొహంలో కళ లేదు.

"గురువుగారూ, పొరుగూరి నాగిరెడ్డి పాక ముందు నా పాక నిలవడం లేదండీ. అవే ఆవులు, అదే దాణా. ఆయన సంత మొహం చూసి ఏళ్లయింది, పాకలో పుట్టిన పెయ్యలే పాడికొస్తున్నాయి. నా దూడలు పట్టుమని నెల బతకవు. ఏటేటా సంతలో ఆవుల్ని కొనలేక చస్తున్నాను. ఇంకో దూడ పోతే పాక మూసుకోవడమే. ఆయనతో పోటీలో నిలబడేదెలాగండీ?"

సిద్ధయ్యగారు గిన్నె మూత తీసి, తన మామూలు ప్రశ్న వేశారు.

"ప్రెసిడెంటుగారింట్లో తిన్నారండీ, పాలకేంద్రం మేనేజరుగారింట్లో, మా వియ్యాలవారింట్లో. అందరూ భలేగా ఉందన్నారు."

"దూడ తాగిందా?"

"ఈనాక పడాల్సిన మాయ ఇంకా పడలేదు కదండీ. అది పడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానివ్వకూడదు. మా తాతలనాటి పద్ధతి."

"దూడకి పనికిరాని పాలు గిన్నెలకెలా పనికొచ్చాయిరా?"

అని, ఆయన ఆ గిన్నె పట్టుకునే పాకవైపు నడిచారు. దారిలోనే ఆవు అరుపు వినబడింది. కోటిలింగం పాకలోకి పరిగెత్తాడు. దూడ మెడ వాల్చేసి గడ్డి మీద పడి ఉంది. తల్లి దాన్ని నాకుతోంది, అరుస్తోంది, మళ్లీ నాకుతోంది. పోయిన దూడలు కూడా ఇలాగే పడుకున్నాయి. ఆ తర్వాత ఏమవుతుందో అతనికి తెలుసు.

"చూస్తావేం? పితుకు!"

పొద్దున్నే పొదుగంతా పిండేశాడు. ఇప్పుడు కాసిని పాలు రావడమే గగనమైపోయింది. వేలు ముంచి దూడ నోట్లో పెట్టాడు. నోరు చల్లగా ఉంది, పాలు పెదవి పక్కనుంచి కారిపోయాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ కారిపోయాయి. "తాగవే తల్లీ, తాగవే" అని బతిమాలాడు. పొద్దున తనే మోసుకెళ్లి పంచిన గిన్నెలన్నీ గుర్తొచ్చాయి. గురువుగారు తిట్టినా బాగుండేది. ఆయన ముట్టని జున్ను ఒళ్లో పెట్టుకుని గడప మీద ఊరికే కూర్చున్నారు.

ఎంతసేపటికో వేలి చివర సన్నగా లాగినట్టయింది. కోటిలింగం వేలు కదపలేదు. ఇంకోసారి లాగింది. దూడని రెండు చేతులా ఎత్తి పొదుగుకి పట్టాడు. అది కుడవడం మొదలుపెట్టి తోక ఆడించేసరికి, సిగ్గు మరిచి ఏడ్చేశాడు.

సిద్ధయ్యగారు జున్ను గిన్నె అతని పక్కన పెట్టి లేచారు.

"నాగిరెడ్డి మాట అలా ఉంచరా. పొద్దుట్నుంచి నువ్వు పోటీ పడుతున్నది ఈ దూడతో. కొంచెంలో తప్పింది గానీ, గెలిచేవాడివే."