ముందు బల్ల మీది ప్రధానమంత్రి

ఏదడిగినా తిన్నగా జవాబిస్తే మా కతోలిక గుడి గురువు శౌరయ్య స్వామివారికి అన్నం సహించదని మా ఊళ్లో ఒక వేళాకోళం ఉంది. ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్న ఇన్నారెడ్డి ఒక ఆదివారం పూజ అయ్యాక ఆయన్ను పట్టుకున్నాడు.

"స్వామీ, విశ్వాసం, రాజకీయం అంటే రెండు పడవల మీద కాళ్లు కదా? ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలో పడమా?"

స్వామివారు నవ్వి ఈ సంగతి చెప్పారు.

నూటయాభై ఏళ్ల కిందట ఐరోపాలో ఒక చిన్న దేశానికి వెర్లిండెన్ అనే కతోలికుడు ప్రధానమంత్రి అయ్యాడు. జనంలో ఎక్కువమంది కతోలికులే, గెలిపించిందీ వాళ్లే. కుర్చీ ఎక్కగానే ఆయనొక చట్టం తెచ్చాడు: దేవుడి విషయంలో తల్లిదండ్రులకు ఇష్టంలేని పాఠం బడిలో ఏ బిడ్డకూ చెప్పరాదు. అక్కడి గురువులందరికీ పెద్ద అయిన పీఠాధిపతి మండిపడ్డాడు. మన రాజ్యం వచ్చాక పరాయి పిల్లలకు వత్తాసేమిటన్నాడు. చట్టం వెనక్కి తీసుకునేదాకా ఇతనికి పూజలో క్రీస్తు శరీరంగా పంచే సత్ప్రసాదం ఇవ్వవద్దని గురువులందరికీ ఆజ్ఞ పెట్టాడు.

వెర్లిండెన్ చట్టం వెనక్కి తీసుకోలేదు. గుడీ మానలేదు. ప్రతి ఆదివారం ముందు బల్ల దగ్గరే ఉండేవాడు. ఊరంతా లేచి సత్ప్రసాదానికి వెళ్తుంటే తనొక్కడూ అక్కడే మోకరించి ఉండేవాడు. అందరి కళ్లూ ఆయన వీపు మీదే. ఎంత బాధో మనబోటివాళ్లకు తెలుసు. ప్రతిపక్షంవాళ్లు సందు చూసుకుని, "ఇంత అవమానం పడి ఆ గుడి మీకెందుకండీ? మాతో రండి" అన్నారు.

"అలిగి పోవడానికి అది అత్తవారిల్లు కాదు, మా అమ్మ ఇల్లు" అన్నాడాయన.

మరుసటి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓడించింది కతోలికులే. కొత్తగా వచ్చినవాళ్లకు దేవుడి పేరే గిట్టదు. దేవుడు లేడనే పాఠం ప్రతి బిడ్డా చదవాల్సిందేనని ఉత్తర్వు వేశారు. పీఠాధిపతి న్యాయస్థానానికి పరుగెత్తాడు. చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే, వెర్లిండెన్ చట్టం. దాంతోనే గెలిచాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆ గుడిలో పీఠాధిపతే పూజ చేశాడు. సత్ప్రసాదానికి అందరూ లేచారు. వెర్లిండెన్ ఎప్పటిలాగే ముందు బల్ల దగ్గర మోకరించాడు.

అక్కడ ఆపి స్వామివారు జపమాల అందుకున్నారు.

"మరి ఆయన లేచి వెళ్లాడా స్వామీ?"

"లేదురా. పీఠాధిపతే సత్ప్రసాదం పట్టుకుని బలిపీఠం మెట్లు దిగి ఆయన దగ్గరికి వచ్చాడు."

ఇన్నారెడ్డి ఇంకేదో అడగబోయాడు. స్వామివారు చెయ్యెత్తి ఆపారు.

"వెళ్లి నామినేషన్ వేసుకో. ఆదివారం మాత్రం ముందు బల్ల మీదే కూర్చో."