అడుగున పడ్డ బల్ల

సింగమనాయకుడికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. మూడు వందల పడవలతో దీవికోట మీదికి వెళ్ళినవాడు నలభై పడవలతో తిరిగొచ్చాడు. ఒడ్డు అందింది గాని గోడ అందలేదు. నిచ్చెనలు బయటికి తీసేలోగా సగం సైన్యం మొలలోతు నీళ్ళలోనే బాణాలకు కూలిపోయింది.

"ఓటమికి కారణం ఎవరో రాసి పంపు. వాళ్ళ తలలు కోటగుమ్మానికి కట్టిస్తాను" అని రాజుగారి కబురు.

నాయకుడు రాసేశాడు, పోటు చూసుకోకుండా పడవలు నడిపిన తొమ్మిదిమంది సరంగులదే తప్పని. వాళ్ళప్పటికే చెరసాలలో ఉన్నారు. ఉత్తరం నడుమున దోపుకున్నాడు గాని పంపడానికి చెయ్యి రాలేదు. ఏటిగట్టున ఉండే తన గురువు హుసేన్ సాహెబు దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, అంత సైన్యం ఎందుకు ఓడింది?"

సాహెబు బియ్యం చెరుగుతున్నాడు. "ఏటి నడుమ లంకలో వరదకు ఇళ్ళు పోయినవాళ్ళు ఆకలితో ఉన్నారు. ఈ సామాను పడవలో సర్దు నాయనా. తర్వాత మాట్లాడుకుందాం."

సర్దడం నాయకుడికి కొత్తా? ముందుగా, ఒడ్డుకు దిగడానికి వేసే బల్ల పెట్టాడు. దానిమీద బియ్యం బస్తాలు, ఆపైన కట్టెలు, గుండిగలు పేర్చి తాళ్ళతో బిగించాడు. పడవ నడిపే కొర్లమ్మ గడకర్ర పట్టుకుని, చూస్తూ ఊరుకుంది.

ముగ్గురూ లంక చేరేసరికి నీరు వెనక్కి తీస్తోంది. ఒడ్డు ఇంకా నాలుగు బారలుందనగా పడవ బురదలో కూరుకుంది. అవతల పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. నాయకుడు కాలు పెడితే తొడదాకా దిగబడింది.

"బల్ల! బల్ల తియ్యి!"

"ఎక్కడుంది బాబూ?" అంది కొర్లమ్మ.

"అడుగున."

"దిగేటప్పుడు ముందు కావలసింది అడుగున పెట్టారేం?"

"అన్నిటికన్నా ముఖ్యమని ముందే పెట్టాను..." అంటూనే ఆగిపోయాడు. రేవులో తను దగ్గరుండి అన్నిటికన్నా ముందు ఎక్కించిన నిచ్చెనలు కళ్ళముందు కదిలాయి. వాటిమీద ధాన్యం, ఆపైన డేరాలు, అన్నిటికీ పైన గెలిచాక మోగించాల్సిన నగారాలు.

కొర్లమ్మ వైపు తిరిగాడు. "సర్దుతుంటే చూస్తూనే ఉన్నావు గదా. చెప్పొద్దూ?"

"మా ఆయన చెప్పాడు బాబూ, ఆ రోజు రేవులో. నిచ్చెనలు పైన పెట్టించండని. గడకర్ర పట్టేవాడివి, నాకు యుద్ధం నేర్పుతావా అన్నారు తమరు. ఇప్పుడు మిగతా సరంగులతో చెరసాల్లో ఉన్నాడు. నన్నెక్కడ పెడతారోనని నోరు మూసుకున్నాను."

 సాహెబు లేచి వచ్చి బస్తా ఒక కొస పట్టుకున్నాడు. "రెండో కొస నువ్వు పట్టు నాయనా."

బస్తాలన్నీ పక్కకు జరిపి, బల్ల లాగి వేసి, పొయ్యి రాజేసి, పిల్లల గిన్నెలు నింపేసరికి పొద్దు వాలింది.

నాయకుడు నడుమునున్న ఉత్తరం తీసి పొయ్యిలో పెట్టాడు. కొర్లమ్మ ఎదుట నేలమీదే కూర్చున్నాడు.

"మీ ఆయన పేరేమిటమ్మా?"

"దానయ్య."

"దానయ్య ఆ రోజు అన్న మాట, నేనన్న మాట, మళ్ళీ ఒకసారి చెప్పు. ఉన్నదున్నట్టు రాయాలి."

కొర్లమ్మ ఆయన మొహం చూసింది. ఆ మాట రాస్తే గుమ్మానికి వేలాడే తల ఎవరిదో ఆమెకూ తెలుసు. మెల్లగా చెప్పింది.

సాహెబు గిన్నెలో ఇంత అన్నం పెట్టి తెచ్చి నాయకుడి ముందుంచాడు.

ఈసారి ముద్ద దిగింది.