రైలు వెళ్ళిన తర్వాతే దాటవలెను

తాటిచెర్లలో గంపావారి తెలివి గురించి తెలియనివాళ్ళు లేరు. అందరికన్నా బాగా తెలిసింది గంపావారికే. "దేవుడు తెలివి పంచిపెడుతుంటే ఊరంతా దోసిళ్ళు పట్టింది, మన తాత ఒక్కడే గంప పట్టాడు. మన ఇంటిపేరు అలా వచ్చిందే" అని ఇంటి పెద్దకొడుకు భద్రం తరచూ చెప్పేవాడు.

"ఆ గంపకి చిల్లు లేదు కదన్నయ్యా?" అని అడిగేవాడు తమ్ముడు చంద్రం.

"ఉంటే మనకి తెలియదురా? ఇంత తెలివైనవాళ్ళం!" అనేవాడు భద్రం. దాంతో చంద్రం అనుమానం తీరిపోయేది.

అలాంటి భద్రానికి ముప్పై ఎనిమిదో ఏట డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. నాలుగుసార్లు పరీక్ష తప్పాడు. అయిదోసారి ఎండలో నిలబడి చూస్తున్న అధికారికే ఓపిక అయిపోయి సంతకం పెట్టేశాడు. చాలామందికి లైసెన్సు అలాగే వస్తుంది లెండి, కాకపోతే బయటికి చెప్పుకోరు.

లైసెన్సుతో పాటు ఒక తిరకాసు కూడా వచ్చింది. కొత్తగా లైసెన్సు పుచ్చుకున్నవాళ్ళు ఇంకో మూడు రోజులు పాఠాలు వినాలట. మొదటి ఏడాదంతా కొన్ని నిబంధనలు పాటించాలట. ఒక్కటి తప్పినా లైసెన్సు లాగేసుకుంటారట, మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలట. భద్రం పాఠాలకి ఒక్కడే పోలేదు. చంద్రాన్నీ, బాబాయి పెంటయ్యనీ, భార్య లోవమ్మనీ వెంటేసుకుని పోయి ముందు వరసలో కూర్చున్నాడు. లోవమ్మ పరాయి ఇంటి పిల్లే గానీ, కాపురానికొచ్చిన ఆరు నెలలకే గంపలో కలిసిపోయింది.

"ఒక్కడి బుర్రలో పోసుకుంటే ఒలికిపోతుంది మాస్టారూ, నలుగురం సర్దుకుంటాం" అన్నాడు భద్రం.

పాఠం చెప్పిన జోగారావు మాస్టారు పాపం మంచివాడే. మూడోరోజు సాయంత్రానికి చేతులు జోడించేశాడు. "బాబూ, నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, చాలు. సొంత తెలివి మాత్రం వాడకండి" అన్నాడు. ఆ మాటే కొంప ముంచింది.

భద్రం తల్లి నరసాయమ్మకి మాత్రం తెలివి మామూలుగానే ఉండేది. అందుకని ఇంట్లో ఆవిడ మాట ఎవరూ లెక్కచేసేవారు కాదు. పాత చీరలతో బొంతలు కుట్టడం ఆవిడ పని. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా ఆవిడ కుట్టిన బొంత మీదే బోర్లాపడ్డాడు. రెండేళ్ళ కిందట ఎడమకన్ను పోయింది. ఇప్పుడు కుడికంట్లో శుక్లం ముదిరి, సూదిలో దారం ఎక్కించుకోలేక కూర్చుంటోంది. టౌన్లో కంటాసుపత్రి డాక్టరమ్మ, "మంగళవారం పదకొండింటికల్లా రావాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ నాలుగు నెలలకి గానీ ఆపరేషన్లుండవు. అప్పటికి ఈ కన్ను కూడా చేజారిపోవచ్చు" అని ఖండితంగా చెప్పింది.

భద్రానికి తల్లంటే ప్రాణం. "నా లైసెన్సు మీద మొదటి ప్రయాణం నీ కంటికోసమేనే అమ్మా" అన్నాడు. నరసాయమ్మకి సంతోషమూ వేసింది, గుండెల్లో రాయీ పడింది. "బస్సులో పోదాంరా నాయనా" అంది. ఎవరు వింటారు?

మంగళవారం పొద్దున్న ఏడింటికే ముందూ వెనకా 'కొత్త డ్రైవరు' అని బోర్డులు కట్టిన పాత వ్యాన్లో అందరూ ఎక్కి కూర్చున్నారు. టౌను పట్టుమని పది కిలోమీటర్లు లేదు. అద్దం చూడకుండా బండి కదపకూడదని మాస్టారు చెప్పాడు కదా, భద్రం అద్దం చూసి మీసం దువ్వుకున్నాడు.

"నువ్వొక్కడివే చూస్తే ఎలాగన్నయ్యా? కదిలేది అందరం కదా!" అన్నాడు చంద్రం.

నిజమే! అంతే, అద్దం ఊడబెరికి చేతులు మార్చారు. లోవమ్మ బొట్టు దిద్దుకుంది. పెంటయ్య బాబాయి పళ్ళు చూసుకుని, ఒకటి తక్కువైందని కాసేపు దిగులుపడ్డాడు. చివరికి అద్దం నరసాయమ్మ చేతికొచ్చింది.

"కనపడుతోందా అమ్మా?"

"కనపడితే ఆసుపత్రికెందుకురా?"

ఇంకేముంది, పెద్ద చిక్కొచ్చి పడింది. అమ్మకి అద్దంలో కనపడితే గానీ బండి కదపకూడదు. బండి కదిలితే గానీ అమ్మకి కనపడదు. ముప్పావుగంట తర్జనభర్జన పడ్డారు. ఆఖరికి ముసలమ్మే విసుగెత్తి, "ఆఁ, కనపడిందిరా! మిమ్మల్ని కన్న మొహం నేను గుర్తుపట్టలేనా? పదండి" అని అబద్ధమాడింది. బండి కదిలింది.

కొత్త డ్రైవరు పక్కన అనుభవం ఉన్నవాడు కూర్చోవాలి, వాడు చెప్పినట్టు వినాలి. పెంటయ్య బాబాయి నలభై ఏళ్ళు ఎడ్లబండి తోలాడు. అంతకన్నా అనుభవం ఎవరికుంటుంది? చెర్నాకోల పుచ్చుకుని ముందు సీట్లో కూర్చుని, "హై, హై" అని అదిలిస్తున్నాడు. కాలవ వంతెన దగ్గరికొచ్చేసరికి, "ఒరే అబ్బాయ్, ఆపు. పొద్దున్నించీ దీనికి మేత లేదు" అన్నాడు.

భద్రం ఆపాడు. చంద్రం గట్టుమీంచి గడ్డిమోపు తెచ్చి వ్యాను మూతి దగ్గర వేశాడు. లోవమ్మ బాల్చీతో నీళ్ళు పెట్టింది. నరసాయమ్మ లోపల్నించి, "ఒరే, అది ఇనప ముక్కరా!" అని మొత్తుకుంది.

"ఇనపదైనా బరువు లాగుతోంది కదొదినా, జాలి ఉండక్కర్లేదా?" అన్నాడు పెంటయ్య. నెమరు వేసేదాకా పశువుని కదపకూడదన్నాడు. ఇంజను ఆపలేదేమో, వ్యాను గుడగుడమంటోంది. "అదుగో, నెమరేస్తోంది!" అని చప్పట్లు కొట్టింది లోవమ్మ. అంతే, అది తృప్తిగా నెమరేసుకునేదాకా కూర్చుని, తొమ్మిదింటికి బయల్దేరారు.

ఇంకో మూడు కిలోమీటర్లు పోయాక ముందొక లారీ ఆగి ఉంది. ముందున్న బండికి పది బారల దూరంలో ఉండాలని కదా మాస్టారి మాట! భద్రం పది బారలు కొలిపించి మరీ ఆపాడు. లారీ డ్రైవరు చక్రాల పక్కన చాప వేసుకుని గుర్రుపెడుతున్నాడు. వెనకొచ్చిన బళ్ళన్నీ పక్కనించి చక్కా పోతున్నాయి.

"మనమూ అలా పోదాంరా నాయనా" అంది నరసాయమ్మ.

"పక్కకి పోతే పది బారలు తగ్గిపోవా అమ్మా? వాళ్ళంటే పాఠాలు విననివాళ్ళు" అన్నాడు భద్రం. చివరికి చంద్రం పోయి డ్రైవర్ని లేపి, "బాబూ, నువ్వు కాస్త టౌనుదాకా పోతే నీ వెనకాల మేమూ వస్తాం" అని బతిమాలాడు. ఆ డ్రైవరు తిట్టిన తిట్లు పిల్లలున్న చోట చెప్పకూడదు. తిట్టి, లారీ తీసి, అడ్డదారిన పోయాడు. అప్పటికి పది కావస్తోంది.

టౌను పొలిమేరలో రైలు పట్టాలున్నాయి. అవి దాటితే ఆసుపత్రి, తెల్లమేడ ఇక్కడికే కనపడుతోంది. పట్టాల పక్కన బోర్డు: 'రైలు వెళ్ళిన తర్వాతే దాటవలెను.' భద్రం ఆగాడు. రోడ్డు పక్క బోర్డు ఏం చెబితే అది చెయ్యాలి కదా!

అయిదు నిమిషాలయింది. పావుగంటయింది. రైలు రాలేదు. ఎలా వస్తుంది? అది ఎప్పుడో మూసేసిన చెరుకు ఫ్యాక్టరీ లైను. పట్టాల మధ్య ఉమ్మెత్త మొక్కలు నడుమెత్తు పెరిగాయి. బోర్డుకి మాత్రం ఏటేటా రంగు వేస్తూనే ఉన్నారు. రైలు లేదని రాయడానికి ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలియదు మరి.

పెరుగు తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న నూకాలు ఆగి చూసింది. "ఏటండీ బాబూ, ఇక్కడ కూకున్నారు? ఆ రైలు ఎల్లిపోయి పద్దెనిమిదేళ్ళయిందండి!"

భద్రం మొహం వికసించింది. "వెళ్ళిపోయిందట! అయితే దాటొచ్చు" అని గేరు మీద చెయ్యేశాడు. చంద్రం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఆగు. అది పద్దెనిమిదేళ్ళ కిందట ఆగినవాళ్ళకి వెళ్ళిన రైలు. మనకి వెళ్ళాలి కదా!"

ఎంత ముప్పు తప్పింది! భద్రానికి చెమటలు పట్టాయి. వెనక్కి తిరిగి చూస్తే, తల్లి కొంగుతో కన్ను ఒత్తుకుంటోంది. పదిన్నర. ఈ కన్ను కూడా పోతే అమ్మ బొంత కుట్టదు, తన మొహం ఇంక చూడదు. సొంత తెలివి వాడొద్దన్నాడు మాస్టారు. కానీ కన్నతల్లి కోసం ఒక్కసారి వాడితే తప్పా? వాడేశాడు.

"రైలు రాకపోతే మనమే రైలవుదాం!"

అందరూ శభాషన్నారు. చంద్రం ఇంజను. లోవమ్మ పెట్టె. పెంటయ్య చివర ఆకుపచ్చ తువ్వాలు ఊపే గార్డు. ఒకే పెట్టె ఉంటే దాన్ని రైలనరని చంద్రం అభ్యంతరం చెప్పాడు గనక భద్రం రెండో పెట్టె. ఒకరి నడుం ఒకరు పట్టుకుని, "కూ... ఛుక్ ఛుక్" అంటూ పట్టాల మీద బయల్దేరి రోడ్డు దాటారు. 

"దాటిందిరా, ఇంక ఆగండి!" అని అరిచింది నరసాయమ్మ.

భద్రం ఆగబోయాడు. "అన్నయ్యా, స్టేషను రాకుండా రైలు ఆగుతుందా?" అన్నాడు ఇంజను. ఇంకేముంది, రైలు పోతూనే ఉంది. తల్లి కేకలు వింటుంటే భద్రం ప్రాణం వెనక్కి లాగుతోంది. కానీ నడిచే రైల్లోంచి పెట్టె ఊడిపోతే ఎంత ప్రమాదం! "అమ్మా!" అని ఒకసారి ఏడ్చాడు, "కూ" అని ఒకసారి కూశాడు. అలా పాడుబడ్డ ఫ్యాక్టరీ దాకా పోయి ఆగారు. తిరుగు రైలుకి వేళ కాలేదని పెంటయ్య అక్కడో గంట కూర్చోబెట్టాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఒంటిగంటన్నర. వ్యాను ఖాళీ. భద్రం నెత్తీనోరూ కొట్టుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తాడు. అక్కడ బల్ల మీద నరసాయమ్మ కంటికి కట్టుతో కూర్చుని ఉంది. రైలు కనుమరుగైన మరుక్షణమే నూకాలు ఆవిడ చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించి, పదకొండుకి అయిదు నిమిషాలుండగా డాక్టరమ్మకి అప్పజెప్పింది. ఆ పూట పెరుగు సగం పులిసిపోయినా ఏమీ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు. నరసాయమ్మ రొంటిన దాచుకున్న సూదీ దారం తీసి, ఒక్క పోటుకి ఎక్కించింది. ఆ తర్వాత భద్రం కేసి చూసి, "ఎంత చిక్కిపోయావురా నాన్నా" అంది. భద్రం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అక్కడితో ఆగిపోతే అది గంపావారి కథ ఎందుకవుతుంది?

డాక్టరమ్మ నల్లకళ్ళజోడు పెడుతూ, "కొత్త కన్ను. మొదట్లో జాగ్రత్తగా ఉండాలి" అంది.

భద్రం ఉలిక్కిపడ్డాడు. కొత్త కన్ను! అంటే నిబంధనలుంటాయి! అంతే, నిన్న తమ రైలు వెళ్ళాక పట్టాలు దాటించి తెచ్చుకున్న వ్యాను బోర్డులు రెండూ విప్పి తల్లికి ముందొకటి, వెనకొకటి కట్టాడు. బోర్డుల్లేని వ్యాన్లో ఎక్కితే కేసవుతుందని ఆవిణ్ణి ముందు నడిపించి, వెనకాల పది బారల దూరంలో తను వ్యాను తోలుకొచ్చాడు. నరసాయమ్మ ఎదిరించలేదు. ఇన్నాళ్ళకి దారి కనపడుతోంది, నడవడమే హాయిగా ఉంది. అలా చూసుకుంటూ చూసుకుంటూ రైలు పట్టాలు దాటేసింది.

"అమ్మా! రైలు వెళ్ళలేదే!" అని భద్రం కెవ్వుమన్నాడు. "అయిపోయింది. ఒక్క తప్పు చేస్తే లాగేసుకుంటారు. అమ్మ కన్ను లాగేసుకుంటారు!"

తల్లిని కదలొద్దని చెప్పి, పరుగున పోయి డాక్టరమ్మ కాళ్ళమీద పడ్డాడు. "అమ్మగారూ, మా అమ్మ రైలు పట్టాలు దాటేసిందండి. తెలియక చేసిందండి. కన్ను వెనక్కి తీసుకోకండి. కావాలంటే నాదొకటి పుచ్చుకోండి!"

"నీ కన్నెందుకయ్యా నాకు? బోర్డులు తప్ప అదేమీ చూడదుగా" అంది డాక్టరమ్మ. బయట నలభై మంది రోగులు. ఇతను కాళ్ళు వదలడు. చివరికి చీటీ మీద 'ఈ కన్ను చేసిన తప్పు క్షమించడమైనది' అని రాసి ముద్ర కొట్టి ఇచ్చింది.

భద్రం ఆ చీటీ కళ్ళకద్దుకుని ఎగురుకుంటూ వచ్చాడు. చీటీ ఏదిచ్చినా ముందు అద్దానికి అంటించాలన్నది మాస్టారు చెప్పిన ఆఖరి నిబంధన. లోవమ్మ క్యారేజీలోంచి నాలుగు మెతుకులు తీసి మెదిపి ఇచ్చింది. భద్రం ఆ చీటీని తల్లి నల్లకళ్ళజోడు కుడి అద్దానికి ఊడిపోకుండా గట్టిగా అంటించాడు.

"అమ్మా, ఇంక నిన్నెవరూ అడగరు. హాయిగా చూసుకో. ఏం కనపడుతోంది?"

"ఏమీ కనపడ్డంలేదురా."

భద్రం గుండె ఆగినంత పనయింది. తమ్ముడి వైపు తిరిగి అరిచాడు:

"చంద్రం! అమ్మ కన్ను మళ్ళీ పోయిందిరా! పద ఆసుపత్రికి. ముందా అద్దం ఇలా తే, అందరం చూసుకోవాలి!"