సూరాంబ పది రోజుల కొలువు

వెనకటి రోజుల్లో సముద్రం ఒడ్డున కొమరగిరి అనే రాజ్యం ఉండేది. దానిని ఏలే రణభైరవుడికి, తనకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం.

ఆయన ఆయుధశాలకు బొల్లన అనే అధికారి కొత్తగా వచ్చాడు. అతని భార్య సూరాంబ ఓడరేవులో పుట్టి పెరిగింది. తండ్రి సింహళ వర్తకుల దగ్గర దుబాసీ కావడంతో ఆ భాష ఆమెకూ పట్టుబడింది.

"కొద్ది రోజుల పనైనా ఇప్పించండి ప్రభూ" అని ఆమె మూడుసార్లు విన్నవించుకుంది.

"మేము కొలువిచ్చింది నీ మగనికి. నువ్వు అతని వెంట వచ్చినదానివి" అన్నాడు రాజు, మూడుసార్లూ.

"ఇక ఊరుకోవే" అన్నాడు బొల్లన.

"నాలుగోసారీ అడుగుతాను" అంది సూరాంబ.

ఆ ఏడాది గాలివానకు కొట్టుకుపోయిన నలభైమంది కొమరగిరి జాలర్లను సింహళంలో నిర్బంధించారు. ఆ సంగతి మాట్లాడడానికి అక్కడి రాయబారి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆస్థాన దుబాసీ జ్వరంతో మంచం పట్టాడు. రాజు సూరాంబను పిలిపించక తప్పలేదు.

"పది రోజులు పని చెయ్యి. పేరు మాత్రం నీ మగనిదే. అతని వెనక నిలబడి మాట్లాడు."

"చిత్తం" అంది సూరాంబ.

సభలో "దుబాసీ బొల్లన!" అని చాటారు. బొల్లన వెనక నుంచి సూరాంబ ఇరువైపుల మాటలూ మార్చి చెబుతుంటే చాలాసేపు చర్చ సాగింది. చివరికి రాయబారి లేచి, గొంతు పెంచి ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?" రాజు ముందుకు వంగాడు.

సూరాంబ పలకలేదు.

"నిన్నే! ఏమన్నాడు?"

"దుబాసీ మావారని తమరే చాటించారు ప్రభూ. వారినే అడగండి."

బొల్లన చేతులు జోడించాడు. "మహాప్రభో, ఏ కత్తికి తుప్పు పట్టిందో అడగండి, చెబుతాను. ఆయన మాట నాకేం తెలుస్తుంది?"

సభ నవ్వు ఆపుకుంది. రాజు ముఖం ఎర్రబడింది. "జాలర్ల ప్రాణాలతో ఆటలా?"

"కాదు ప్రభూ. మంచి కబురు కాబట్టే ఒక్క క్షణం ఆపాను. చెడ్డదైతే వెంటనే చెప్పేదాన్ని. కానీ చెబుతున్నది ఎవరో సభకు తెలియాలి" అంది సూరాంబ, తల దించకుండా.

రాజు భార్యాభర్తలిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఉన్నట్టుండి కిరీటం జారేలా నవ్వాడు.

"దుబాసీ సూరాంబా, ఇప్పుడు చెప్పమ్మా!"

"నలభైమందినీ విడిచిపెట్టారు ప్రభూ. ఎల్లుండి మన రేవులో దిగుతారు."

రాజు మెడలోని ముత్యాలహారం తీసి ఇచ్చాడు. ఆమె కళ్లకద్దుకుని, "పది రోజుల కొలువు నా పేరున రాయించండి" అంది. రాజు అక్కడికక్కడే తాటాకు మీద రాయించాడు.

ఆ తరువాత కొమరగిరిలో ఎవరు కొలువుకు వచ్చినా, రాజు మొదట అడిగే మాట ఒకటే: "మీ ఇంట్లోవారికి ఏ పని వచ్చు?"