దగ్గుకు కట్టిన ధర

సైరస్‌కు గురువు మీద కోపం వచ్చింది. శిష్యుడికి గురువు మీద కోపం రాకూడదంటారు. వస్తుంది. వచ్చాక కడుపులో దాచుకోకూడదు. అతను దాచుకోలేదు.

"అయ్యా, మన అమెరికాలో ఇంకా మనుషుల్ని సంతలో అమ్ముతున్నారు. అది పాపమని చెప్పినందుకు మీ తల మీద రాళ్లు పడ్డాయి. ఎడమ చెవి పోయింది. అలాంటి మీరు నన్ను సముద్రం దాటించి ఈ లండన్ తీసుకొచ్చి, బీమా కంపెనీల గుమ్మాలు తొక్కిస్తున్నారు. గొలుసులు తెంపాల్సినవాళ్లం గుమాస్తాలమైపోయాం."

ఆ గురువు పేరు హోల్కం. అమెరికా మనిషి. వయసు మళ్లినవాడు, బక్కపలచటివాడు. బానిసల తరఫున మాట్లాడీ మాట్లాడీ సొంత ఊళ్లోనే అద్దెకు ఇల్లు దొరకని స్థితి తెచ్చుకున్నాడు. ఈ మధ్య బీమా లెక్కల మీద పడ్డాడు. ఎందుకని ఎవరడిగినా చెప్పేవాడు కాదు.

ఆ పొద్దున కూడా చెప్పలేదు. రొట్టె ముక్క టీలో ముంచుకుంటూ, "లెక్క మీద నీకు నమ్మకమేనా?" అన్నాడు.

"లెక్క అబద్ధమాడదండీ. నేనూ ఆడను."

అది నిజమే. ఏ వయసు మనిషి ఇంకా ఎన్నేళ్లు బతకొచ్చో చెప్పే పట్టిక ఒకటుంటుంది. బీమావాళ్లకు అదే వేదం. అది సైరస్‌కు కంఠతా వచ్చు. వచ్చన్న సంగతి పదిమందికీ తెలియాలన్న కోరికా ఉంది.

"అయితే టోపీ పెట్టుకో. సంతకు పోదాం."

"ఇక్కడ సంతేమిటండీ? ఈ దేశంలో మనుషుల్ని అమ్మరు."

గురువు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

అదొక పెద్ద హాలు. కోట్లు, టోపీలు, చుట్టల పొగ. ఒక పక్కన ఎత్తుగా బల్ల వేసుకుని వేలంపాటవాడు నిలబడ్డాడు. వాడి పక్కన నేల మీద ఒక చెక్కపెట్టె. పెట్టె మీద ఒక ముసలాయన, నెత్తిన టోపీ లేకుండా.

ఆయన పేరు గ్రిమ్లీ. ఓడల తెరచాపలు కుట్టే పనివాడు. పెళ్లాం కోసం తన ప్రాణం మీద బీమా కట్టాడు. ఏటేటా తిన్నా తినకపోయినా కట్టాడు. ఇప్పుడు వేళ్లు వంగడం లేదు, పని లేదు, కట్టడానికి లేదు. ఆ రోజు పన్నెండు గంటల్లోగా కిస్తీ పడకపోతే ఆ బీమా చచ్చినట్టే. ఇన్నేళ్లూ కట్టిందాంట్లో కంపెనీ చిల్లిగవ్వ తిరిగివ్వదు. ఆ కంపెనీకి ఒక పేరుంది. నేను చెప్పను. అలాంటివాళ్ల పేరు నా నోట పలికేది లేదు.

అందుకని ఆయన తన బీమా కాగితం వేలానికి పెట్టాడు. కొనుక్కున్నవాడు ఇక మీదట కిస్తీలు కట్టుకుంటాడు. ముసలాయన పోయిన రోజున సొమ్మంతా వాడిదే. పెళ్లానికి దక్కేది ఈ వేలంలో పలికినంత, అంతే.

పశువుల సంతలో పళ్లు చూసి, గిట్టలు చూసి, గట్టి ఎద్దుకు ఎక్కువిస్తారు. ఇక్కడ లెక్క తలకిందులు. పాడెకు ఎంత దగ్గరైతే అంత ధర.

"నాలుక చాపు, ముసలాయనా," అన్నాడు ముందు వరసలో ఉన్న ఎర్ర మెడ షరాబు, డబ్బు తిప్పే వ్యాపారి.

గ్రిమ్లీ చాపాడు.

"మీ నాన్న ఏ వయసులో పోయాడు?"

"చిన్న వయసులోనే బాబయ్యా. గుండె ఆగిపోయి."

"బాగుంది, బాగుంది. ఏదీ, ఒకసారి దగ్గు."

గ్రిమ్లీ దగ్గాడు. పెట్టె కిర్రుమంది. ఎవరో వెనకనుంచి ధర పెంచారు.

షరాబు గోడవార నిలబడ్డ ముసలామెను పిలిచాడు. గ్రిమ్లీ భార్య హన్నా. "ఏమమ్మా, నిజం చెప్పు. రాత్రుళ్లు ఆయాసం వస్తుందా నీ మొగుడికి?"

"వస్తుందయ్యా. పడుకోలేడు. కూర్చునే తెల్లవారుస్తాడు."

ధర మళ్లీ పెరిగింది. పెరిగినప్పుడల్లా ఆమె ముఖం విప్పారేది. వెంటనే తల దించేసుకునేది.

గ్రిమ్లీ ఇంకా గట్టిగా దగ్గాడు. పొట్ట పట్టుకున్నాడు. కళ్లు తేలేశాడు. పాపం, కొంచెం ఎక్కువే చేశాడు.

సైరస్ అది చూశాడు. ముసలాయన మెడనరం కొట్టుకునే తీరు చూశాడు, గోళ్ల రంగు చూశాడు, ఛాతీ చూశాడు. గురువు వంక తిరిగాడు. గురువు పెట్టెనే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

"అబద్ధం!" అని అరిచాడు సైరస్.

హాలంతా తిరిగి చూసింది.

"ఆయన నటిస్తున్నాడు. ఆ దగ్గు గొంతులోంచి వస్తోంది, గుండెల్లోంచి కాదు. నేను లెక్కలు చదివినవాణ్ణి. ఆ వయసువాడు ఇంకా పదకొండేళ్లు బతుకుతాడని పట్టిక చెబుతోంది. ఈయన వాలకం చూస్తే అంతకంటే ఎక్కువే."

ఎవడో ఈల వేశాడు. షరాబు పడీపడీ నవ్వాడు. "అమ్మ ముసలోడా! ఇంకా పదకొండేళ్లు మా చేత కిస్తీలు కట్టిద్దామనే?"

పాడినవాళ్లంతా వెనక్కి తగ్గారు. వేలంపాటవాడు సుత్తి ఎత్తి అడిగాడు. మళ్లీ అడిగాడు. ఒక్క చెయ్యి లేవలేదు. పైనున్న గడియారం పదకొండు దాటి పరిగెడుతోంది.

గ్రిమ్లీకి దగ్గు ఆగిపోయింది. నిటారుగా నిలబడ్డాడు. "ఓరి పెద్దమనిషీ," అన్నాడు, "పదకొండేళ్లు బతుకుతానన్నావు. ఏం తిని బతకమంటావో అది కూడా చెప్పిపో."

హన్నా దగ్గరికొచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బాబూ, మేం నీకేం అపకారం చేశాం?"

"నేను... ఉన్నమాటే చెప్పానమ్మా," అన్నాడు సైరస్. ఆ మాట అతనికే వినపడలేదు.

అప్పుడు హోల్కం కదిలాడు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకు నడిచాడు. గ్రిమ్లీకి చెయ్యి అందించి పెట్టె మీదనుంచి దింపాడు. తన కోటు విప్పి హన్నా చేతికిచ్చాడు. టోపీ తీశాడు. తనే పెట్టె ఎక్కాడు.

"నాకూ ఒక బీమా ఉంది," అన్నాడు. "మంచి కంపెనీ, పెద్ద మొత్తం. చూసుకోండి."

హాల్లో మళ్లీ సందడి పుట్టింది. షరాబు లేచి వచ్చాడు. నాడి పట్టుకున్నాడు. కన్ను కింద రెప్ప లాగి చూశాడు. నెత్తి మీద రాతిదెబ్బ మచ్చను వేలితో నొక్కి, "ఇది లోపలిదాకా దిగిందా?" అని అడిగాడు. చెయ్యెత్తమంటే హోల్కం ఎత్తాడు, తిరగమంటే తిరిగాడు.

"అదిగో, అతను నా శిష్యుడు," అన్నాడు హోల్కం. "నాతో ఒకే గదిలో ఉంటాడు. లెక్కలో గట్టివాడు, అబద్ధమాడడు. మీరే చూశారుగా. నాకు ఎన్నేళ్లున్నాయో అతన్నే అడగండి."

అందరూ సైరస్ వైపు తిరిగారు.

సైరస్‌కు పట్టిక తెలుసు. పట్టికలో లేనిదీ తెలుసు. ఓడలో వస్తున్నప్పుడు గురువు రుమాలు ఎందుకు మడిచి దాచుకునేవాడో, ఆ మడతలో ఎర్రగా ఏముండేదో, ఈ లోకంలో అతనొక్కడికే తెలుసు.

"చెప్పవయ్యా లెక్కలాయనా," అన్నాడు షరాబు. "పదా? అయిదా? ఇంకా తక్కువా? తక్కువైతే నేనే పాడతాను."

"చెప్పు," అన్నాడు గురువు పెట్టె మీదనుంచి. గొంతులో కోపం లేదు. "వాళ్లు కాచుకుని ఉన్నారు."

"అయ్యా, దిగండి."

"లెక్క చెప్పు."

"దిగండయ్యా!"

"ఇందాక చెప్పడానికి నీకింతసేపు పట్టలేదే."

షరాబు వేళ్లు ఇంకా గురువు మణికట్టు మీదే ఉన్నాయి. ఎద్దు మోకు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సైరస్ వెళ్లి ఆ చేతిని విదిలించి కొట్టాడు. "మా గురువుగారు అమ్మకానికి లేరు!" అని అరిచాడు. ఏడుస్తున్నట్టు అతనికి తెలియలేదు.

హోల్కం వంగి, శిష్యుడికి మాత్రమే వినపడేలా అడిగాడు.

"మరి ఆయనో?"

గ్రిమ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని దాని అంచు తిప్పుతున్నాడు.

సైరస్ చాలాసేపు ఆయన్ను చూశాడు. తర్వాత జేబులోంచి తిరుగు ప్రయాణానికి ఓడ ఛార్జీ కోసం దాచుకున్న డబ్బు తీసి హన్నా చేతిలో పెట్టాడు. "పరిగెత్తమ్మా. పన్నెండు కాకముందే కిస్తీ కట్టెయ్. కాగితం నీ దగ్గరే ఉంటుంది. ఎవరికీ అమ్మొద్దు."

ఆమె హోల్కం కోటు శిష్యుడి భుజాన వేసింది. డబ్బు చూసుకుంది. దండం పెట్టలేదు. దీవించనూ లేదు. ఏటేటా కట్టిన మనిషికి ఆ ఒక్క ఏడు ఎంతో తెలుసు.

"ఈ ఏడు గడుస్తుంది బాబూ," అంది. "వచ్చే ఏటికో?"

మొగుడి రెక్క పట్టుకుని లేపి, గుమ్మం దాటి వెళ్లిపోయింది.

సైరస్ కదల్లేదు. వెనక వేలంపాటవాడు ఇంకో పేరు పిలిచాడు. ఇంకో ముసలాయన టోపీ తీసి ముందుకొస్తున్నాడు.

హోల్కం పెట్టె దిగి కోటు తొడుక్కున్నాడు. బొత్తాలు నిదానంగా పెట్టుకున్నాడు.

"ఆవిడ అడిగిందానికి జవాబు బాకీ ఉన్నావు," అన్నాడు. "ఇవాళే చెప్పక్కర్లేదు."