నోరు విప్పని రక్తం

గుమ్మడిపాలెంలో బుర్రంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవరయ్యకీ, పెళ్ళాం ఎర్నమ్మకీ, తమ్ముడు పైడయ్యకీ మహా గర్వం. "ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తాం మేం," అనేవాళ్ళు.

వాళ్ళకో బక్క గేదె పెయ్య ఉంది, మల్లి. తల్లి పోతే ఎర్నమ్మే గంజి పట్టి పెంచింది. దాన్ని ఉంచుకుంటే పాడి కలిసొస్తుందా, లేక సంతకి తోలెయ్యాలా? తేలక పశువుల డాక్టరమ్మని పిలిచారు.

డాక్టరమ్మ మల్లి రక్తం కాస్త సీసాలోకి తీసింది. "ఇందులో హార్మోన్లు ఎంతున్నాయో కొలిస్తే, దీనికి పుట్టే దూడలు పాలు బాగా ఇస్తాయో లేదో ముందే ఓ అంచనా దొరుకుతుంది. గాభరా పడకండి, రక్తమే చెబుతుంది. చేతులు కడుక్కొస్తా, సీసాని చూస్తూ ఉండండి."

అంతే. ముగ్గురూ రెప్ప వెయ్యకుండా చూశారు. పైడయ్య సీసాని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమంటోందిరా?"

"ఉలుకూ పలుకూ లేదన్నా."

"గొంతెండిపోయిందేమో పాపం," అంది ఎర్నమ్మ. ఇంకేముంది, మూత తీసి మజ్జిగ పోసింది.

డాక్టరమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. మళ్ళీ రక్తం తీసి తనే పట్టుకుపోయింది. "మనముంటే సిగ్గనుకుంటా," అన్నాడు గవరయ్య.

వారం తర్వాత డాక్టరమ్మ ఫోన్ చేసింది. "గవరయ్యా, హార్మోన్లు చాలా బాగున్నాయి! ఇంటికి పాడి నిలబెట్టే పెయ్య ఇది. ఏం జరిగినా వదలొద్దు!"

అంతే. గవరయ్య మల్లి చెవి పట్టుకున్నాడు, పైడయ్య తోక పట్టుకున్నాడు, ఎర్నమ్మ మెడ వాటేసుకుంది. మల్లి మేతకెళ్తే ముగ్గురూ వెళ్ళారు. మల్లి బురదలో దొర్లితే ముగ్గురూ దొర్లారు.

మర్నాడు పొరుగూరి సూరయ్య బేరానికొచ్చాడు. అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. ఎర్నమ్మ కళ్ళు మెరిశాయి. "డాక్టరమ్మ వదలొద్దంది గానీ, అమ్మొద్దనలేదుగా!"

"నీ బుర్రే బుర్ర వదినా!" అన్నాడు పైడయ్య.

బేరం కుదిరింది. సూరయ్య పలుపు అందుకుని, "ఇక వదలండి," అన్నాడు.

"అదొక్కటీ కుదరదు బావా."

ఇంకేముంది, సూరయ్య పలుపు లాగాడు, మల్లి నడిచింది, ముగ్గురూ నడిచారు. తలుపైనా వేసుకోలేదు.

దారిలో డాక్టరమ్మ స్కూటర్ ఆపింది. "ఎక్కడికి గవరయ్యా?"

"మల్లిని అమ్మేశామమ్మా. సూరయ్య బావ కొట్టంలో ఉండటానికి పోతున్నాం."

"అయ్యో! వదలొద్దని చెప్పానా లేదా?"

"ఎక్కడ వదిలామమ్మా?" అంటూ ముగ్గురూ పట్టు బిగించారు. "కావాలంటే చూసుకోండి!"